స్ట్రోక్ తరువాత మెదడును చల్లబరచడం: మేలు ఎక్కడుంది, చిక్కు ఎక్కడుంది

1987లో అమెరికాలోని మియామీ విశ్వవిద్యాలయంలో రౌల్ బుస్టో, మైరన్ గిన్స్‌బర్గ్ తదితరులు ఎలుకల మెదడుకు కొద్ది నిమిషాల పాటు రక్తం అందకుండా చేసి, ఆ సమయంలో మెదడు ఉష్ణోగ్రతను ప్రత్యేకంగా కొలిచారు. ఇలాంటి ప్రయోగాల్లో అంతవరకు మలద్వారం దగ్గర కొలిచిన శరీర ఉష్ణోగ్రతతోనే సరిపెట్టుకునేవారు. శరీరాన్ని 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి ఉంచినప్పటికీ, రక్తం ఆగిపోయిన మెదడు తనంతట తాను నాలుగైదు డిగ్రీలు చల్లబడుతోందని వారు గమనించారు. అందుకే మెదడు ఉష్ణోగ్రతను వేర్వేరు స్థాయుల్లో కచ్చితంగా నిలిపి, మళ్లీ చూశారు. 36 డిగ్రీల వద్ద ఉంచిన ఎలుకల్లో నాడీకణాలు విస్తారంగా చనిపోయాయి. 34 డిగ్రీల వద్ద ఉంచిన వాటిలో నష్టం చాలా తక్కువగా ఉంది. తేడా కేవలం రెండు డిగ్రీలు.

ఆ ఫలితంలో మరింత ఆలోచింపజేసే అంశం ఇంకొకటి ఉంది. రక్తం ఆగిన సమయం ముగిసేసరికి కణాల్లోని శక్తి నిల్వలు అన్ని గుంపుల్లోనూ ఒకేలా అడుగంటాయి. అంటే చల్లదనం వల్ల ఖర్చు తగ్గి, మిగిలిన శక్తితో కణాలు బతికాయని చెప్పడానికి వీల్లేదు. అప్పటి వరకు ఉన్న అవగాహన మాత్రం దాదాపు అదే. 1950లలో హ్యూబర్ట్ రోసోమాఫ్ కుక్కలపై చేసిన పరిశోధనల నాటి నుంచీ, చల్లబడిన మెదడుకు ఆక్సిజన్ అవసరం తగ్గుతుందన్న వివరణే ప్రధానంగా వినిపించేది. అది నిజమే, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే మెదడు జీవక్రియ సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. కానీ రెండు డిగ్రీలకు వచ్చే ఆ కొద్దిపాటి ఆదా అంత పెద్ద రక్షణను వివరించలేదు. 1989లో అదే బృందం, చల్లబరచిన మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలను మోసే గ్లుటమేట్ అనే రసాయనం విడుదల బాగా అణగిపోతోందని చూపింది. చల్లదనం కణం ఖర్చును తగ్గించడంతో ఆగదని, రక్తం ఆగిన తరువాత మొదలయ్యే విధ్వంసక చర్యల గొలుసును కూడా తాకుతుందని అప్పటి నుంచి స్పష్టమవుతూ వచ్చింది. ఆ గొలుసులో గంటల నుంచి రోజుల పాటు సాగే ఇన్‌ఫ్లమేషన్‌ది, అంటే గాయానికి రోగనిరోధక వ్యవస్థ చూపే స్పందనది, పెద్ద వాటా.

స్ట్రోక్‌లలో (పక్షవాతాల్లో) ఎక్కువ భాగం మెదడు రక్తనాళం గడ్డతో మూసుకుపోవడం వల్ల వచ్చేవే. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతి సమయంలో శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతాన్ని తీసుకుంటుంది; నిల్వ పెట్టుకునే ఏర్పాటు మాత్రం దానికి లేదు. సాధారణంగా ప్రతి 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల వరకు రక్తం అందుతుంది. అది సుమారు 20కి దిగువకు పడిపోతే నాడీకణాలు పని ఆపేస్తాయి. 10 దరిదాపుల్లోకి దిగితే కొద్ది నిమిషాల్లోనే చనిపోవడం మొదలవుతుంది. ఈ రెండు హద్దుల మధ్య చిక్కుకున్న ప్రాంతం చికిత్సకు అత్యంత కీలకం. అక్కడి కణాలు మూగబోయాయి గానీ ఇంకా చావలేదు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో చికిత్స అందని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో వేసిన ఒక అంచనా ఈ రంగంలో అందరికీ కంఠస్థమైపోయింది.

శక్తి అందని కణం తన పొరకు ఇరువైపులా ఉండాల్సిన లవణాల సమతూకాన్ని నిలుపుకోలేదు. గ్లుటమేట్ బయటికి పొంగి పక్క కణాలను అతిగా ప్రేరేపిస్తుంది, ఆ కణాల్లోకి కాల్షియం వరదలా చొరబడుతుంది, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కణ భాగాలను దెబ్బతీసే చురుకైన అణువులు, అంటే ఫ్రీ రాడికల్స్, పుడతాయి. ఇదంతా మొదటి నిమిషాల, గంటల కథ. కణం పగిలినప్పుడు, లోపల మాత్రమే ఉండాల్సిన కొన్ని పదార్థాలు, ఉదాహరణకు కణంలో శక్తిని మోసే ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1 అనే ప్రోటీన్, బయటపడతాయి. మెదడులో కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు వీటిని ప్రమాద సంకేతాలుగా గుర్తిస్తాయి. గాయం చేసింది సూక్ష్మజీవి కాకపోయినా, సూక్ష్మజీవి దాడి చేసినప్పటి స్పందనే ఇక్కడా మొదలవుతుంది.

మైక్రోగ్లియా టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి సైటోకైన్లను, అంటే రోగనిరోధక కణాలు పంపే సంకేత ప్రోటీన్లను, విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో రక్తనాళాల లోపలి గోడపై ఐసీఏఎం-1 వంటి అంటుకునే అణువులు లేస్తాయి. రక్తంలో పారుతున్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వాటిని పట్టుకుని ఆగి, గోడను దాటి మెదడులోకి ప్రవేశిస్తాయి. ఈ రాక తొలి గంటల్లో మొదలై ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తీవ్రమవుతుంది. వచ్చిన న్యూట్రోఫిల్స్ ఫ్రీ రాడికల్స్‌తో పాటు ఎంఎంపీ-9 అనే ఎంజైమ్‌ను వదులుతాయి. రక్తాన్నీ మెదడునూ వేరుచేసే అడ్డుగోడకు ఆధారంగా ఉన్న ప్రోటీన్ అల్లికను అది కొరికేస్తుంది. గోడ సడలితే రక్తంలోని ద్రవం మెదడులోకి ఊరి వాపు వస్తుంది. గోడ పూర్తిగా తెగితే రక్తమే కారుతుంది. పుర్రె వ్యాకోచించదు కాబట్టి వాపు పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి పెరిగి, మొదట్లో క్షేమంగా ఉన్న భాగాలకు కూడా రక్తప్రసరణ తగ్గిపోతుంది. మూసుకుపోయిన నాళం తెరుచుకున్న తరువాత కూడా ఈ నష్టం కొనసాగవచ్చు. పైగా, తిరిగి వచ్చిన ఆక్సిజన్‌తో ఫ్రీ రాడికల్స్ ఒక్కసారిగా ఎగసి పరిస్థితిని మరింత దిగజార్చే సందర్భాలూ ఉంటాయి.

ఉష్ణోగ్రతను 32 నుంచి 35 డిగ్రీల మధ్యకు దించినప్పుడు ఈ గొలుసులో ఒక్క కొక్కెం కాదు, చాలా కొక్కేలు ఒకేసారి వదులవుతాయి. మిడోరి యెనారి బృందం 2003లో జంతువులపై చూపిన అంశం ఇందుకు మంచి ఉదాహరణ. ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ కణ కేంద్రకంలోకి వెళ్లి ఇన్‌ఫ్లమేషన్‌కు సంబంధించిన అనేక జన్యువులను ఒకేసారి పనిలోకి దించుతుంది. మామూలుగా దాన్ని కేంద్రకం బయట కట్టి ఉంచే మరో ప్రోటీన్ ఉంటుంది. గాయం తరువాత ఒక ఎంజైమ్ ఆ కట్టును తెంచుతుంది. చల్లబరచిన మెదడులో ఆ ఎంజైమ్ పని మందగిస్తుంది, కట్టు నిలుస్తుంది, ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకం దాకా చేరదు. దాంతో సైటోకైన్లు, అంటుకునే అణువులు, నైట్రిక్ ఆక్సైడ్‌ను అతిగా తయారుచేసే ఎంజైమ్, ఇవన్నీ మూలంలోనే తగ్గుతాయి. చల్లబరచిన జంతువుల్లో మైక్రోగ్లియా ఉద్రేకం, మెదడులోకి చొరబడిన న్యూట్రోఫిల్స్ సంఖ్య, ఎంఎంపీ-9 స్థాయి, గోడ లీకేజీ, వాపు, అన్నీ తగ్గినట్లు వేర్వేరు ప్రయోగశాలలు చూపించాయి.

ఒకే లక్ష్యాన్ని ఎంచుకుని తయారుచేసిన మందులు స్ట్రోక్‌లో వరుసగా విఫలమవడానికి, చల్లదనం మీద ఆశ చావకపోవడానికి కారణం ఇదే. గ్లుటమేట్‌ను అడ్డుకునే మందు ఇన్‌ఫ్లమేషన్‌ను తాకదు, న్యూట్రోఫిల్స్‌ను ఆపే మందు కాల్షియం వరదను తాకదు. ఉష్ణోగ్రత మాత్రం ప్రతి రసాయన చర్య వేగాన్నీ ప్రభావితం చేస్తుంది. పైగా అది అన్నింటినీ మందగింపజేయడమే కాదు. శరీరం చల్లబడినప్పుడు ఆర్‌బీఎం3 వంటి కొన్ని ప్రోటీన్ల ఉత్పత్తి పెరుగుతుంది. నాడీకణాల మధ్య సంధులు నిలవడానికి, తిరిగి ఏర్పడడానికి ఆ ప్రోటీన్ తోడ్పడుతుందని 2015లో ఎలుకలపై చేసిన పరిశోధన ఒకటి వెల్లడించింది.

అయితే ఇన్‌ఫ్లమేషన్‌ను శత్రువుగా మాత్రమే చూడడం సరికాదు. మొదటి రోజుల్లో హాని చేసిన మైక్రోగ్లియా, బయటి నుంచి వచ్చే ఇతర రోగనిరోధక కణాలు, ఆ తరువాతి దశలో చనిపోయిన కణాల శిథిలాలను తొలగిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-10 వంటి శాంతింపజేసే అణువులను విడుదల చేస్తాయి. కొత్త రక్తనాళాల పెరుగుదలకు సాయపడతాయి. కాబట్టి ఎంత చల్లబరచాలి అన్న ప్రశ్నతో సమానంగా, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న ప్రశ్న కూడా ముఖ్యమే. ఎక్కువ కాలం కొనసాగే చల్లదనం మరమ్మతును కూడా మందగింపజేస్తుందేమోనన్న సందేహం కొట్టిపారేయదగింది కాదు.

జంతు ప్రయోగాల మొత్తం సాక్ష్యం మాత్రం బలంగా ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన బార్ట్ వాన్ డెర్ వోర్ప్, సహచరులు 2007లో అప్పటి వరకు వెలువడిన ప్రయోగాలన్నింటినీ కలిపి విశ్లేషించినప్పుడు, చల్లబరచిన జంతువుల్లో చనిపోయిన మెదడు భాగం పరిమాణం సగటున 44 శాతం తక్కువగా తేలింది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఎక్కువ ఫలితం కనిపించింది. నాళాన్ని శాశ్వతంగా మూసిన జంతువుల్లో కన్నా, కొంతసేపటికి తిరిగి తెరిచిన వాటిలో మేలు ఎక్కువగా ఉంది. ఈ చివరి వివరాన్ని గుర్తుంచుకోవాలి; మానవ ప్రయోగాల కథలో దాని అవసరం పడుతుంది.

మనుషుల విషయానికి వస్తే, 1998లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు మెదడులో పెద్ద భాగం దెబ్బతిని ప్రమాదకరమైన వాపు వచ్చిన 25 మంది రోగులను 33 డిగ్రీల వరకు చల్లబరిచారు. పుర్రె లోపలి ఒత్తిడి తగ్గింది. కానీ తిరిగి వెచ్చబరిచే దశలో ఒత్తిడి మళ్లీ ఎగసింది. 11 మంది మరణించారు. చల్లదనం వాపును అదుపులో పెట్టింది గానీ, దాని మూల కారణాన్ని తొలగించలేదని ఆ అనుభవం చెబుతుంది. ఇలాంటి తీవ్ర రోగులకే పుర్రె ఎముక కొంత తొలగించే శస్త్రచికిత్స తరువాత చల్లదనాన్ని జోడించి చూసిన మరో జర్మన్ ప్రయోగం 2019లో ప్రచురితమైంది. 50 మందితోనే ఆగిపోయిన ఆ ప్రయోగంలో మేలు కనిపించలేదు, తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి.

అంత తీవ్రం కాని రోగుల్లో, మెలకువగా ఉండగానే 34–35 డిగ్రీల దాకా చల్లబరచాలని తలపెట్టిన యూరోహైప్-1 ప్రయోగానికి 1,500 మంది కావాలి. 98 మంది చేరేసరికి అది నిలిచిపోయింది. ఫలితంలో తేడా కనిపించలేదు. అసలు చల్లబరచాల్సిన వారిలో మూడో వంతు మంది కూడా నిర్దేశించిన లక్ష్యాన్ని అందుకోలేకపోయారు. అంటే ఈ ప్రయోగం చల్లదనం పనిచేయదని తేల్చలేదు. మెలకువగా ఉన్న స్ట్రోక్ రోగిని చల్లబరచడమే ఎంత కష్టమో తేల్చింది.

ఆ కష్టం ఏమిటో పడక దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. రోగి ఒంటికి చల్లటి నీరు ప్రవహించే ప్యాడ్లు చుట్టడమో, తొడ దగ్గరి పెద్ద సిర ద్వారా చల్లబరిచే కాథెటర్ (సన్నని గొట్టం) పంపడమో చేస్తారు. లోపలి ఉష్ణోగ్రత 36.5 డిగ్రీల దగ్గరికి రాగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. 35.5 దగ్గరికి చేరేసరికి దవడతో మొదలై ఒళ్లంతా వణుకు పుడుతుంది. వణుకు వల్ల శరీరం ఆక్సిజన్ ఖర్చు రెట్లలో పెరుగుతుంది. తగ్గిద్దామనుకున్న జీవక్రియే ఎదురు తిరుగుతుంది. వణుకును ఆపడానికి పెథిడిన్, బుస్పిరోన్ వంటి మందులు ఇస్తారు, చర్మాన్ని వెచ్చటి గాలితో మభ్యపెడతారు. పెథిడిన్ మగతను తెస్తుంది. స్ట్రోక్ వల్ల ఇప్పటికే మింగడం, దగ్గడం బలహీనపడిన మనిషికి మగత తోడైతే లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. 2010లో ప్రచురితమైన ఐక్టస్-ఎల్ అనే అమెరికన్ ప్రయోగంలో చల్లబరచిన రోగుల్లో 50 శాతం మందికి న్యుమోనియా వచ్చింది; మిగిలిన గుంపులో 10 శాతానికే.

ఈ న్యుమోనియా సంఖ్యను మగతకు మాత్రమే ఆపాదిస్తే అసలు విషయం జారిపోతుంది. స్ట్రోక్ వచ్చిన శరీరంలో మెదడు ఇన్‌ఫ్లమేషన్‌తో రగులుతుండగా, మిగిలిన శరీరంలో రోగనిరోధక శక్తి కుంగుతుంది. రక్తంలో లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాల సంఖ్య పడిపోతుంది. అలాంటి సమయంలో ఒళ్లంతా చల్లబరిస్తే, మెదడులో న్యూట్రోఫిల్స్‌ను మందగింపజేసిన చల్లదనమే ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియాతో పోరాడాల్సిన న్యూట్రోఫిల్స్‌నూ మందగింపజేస్తుంది. మేలు, కీడు రెండూ ఒకే మూలం నుంచి వస్తున్నాయి. మందు మోతాదు మార్చో, వణుకును ఇంకా బాగా అణచో ఈ వైరుధ్యాన్ని పూర్తిగా తప్పించలేం. చల్లదనం శరీరమంతా వ్యాపించినంత కాలం అది ఉంటుంది. ఇవి కాక, చల్లబడిన రక్తంలో ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయవు, పొటాషియం కణాల్లోకి జారి గుండె లయ చెదరవచ్చు, కాలేయం మందులను విచ్ఛిన్నం చేసే వేగం తగ్గుతుంది. గడ్డను కరిగించే మందు కూడా తక్కువ ఉష్ణోగ్రతలో మందకొడిగా పనిచేస్తుంది.

ఇతర రంగాల అనుభవం ఇక్కడికి నేరుగా వర్తించదు. పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న శిశువులను ఆరు గంటల లోపు మొదలుపెట్టి 72 గంటల పాటు 33.5 డిగ్రీల వద్ద ఉంచడం సంపన్న దేశాల్లో స్థిరపడిన చికిత్స. అయితే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన హెలిక్స్ ప్రయోగంలో అదే చికిత్స మరణాలను పెంచింది. గుండె ఆగి తిరిగి కొట్టుకున్న పెద్దల్లో 2002 నాటి రెండు ప్రయోగాలు ఆశ పుట్టించగా, 2021లో వచ్చిన చాలా పెద్ద ప్రయోగంలో 33 డిగ్రీలకు చల్లబరచడానికీ, జ్వరం రాకుండా చూడడానికీ తేడా తేలలేదు.

జ్వరం మాటకు వస్తే, స్ట్రోక్ రోగిలో అది చెడు సూచన అన్నది నిర్వివాదం. 1996లో కోపెన్‌హేగన్ అధ్యయనం 390 మంది రోగులను గమనించి, ఆసుపత్రిలో చేరినప్పుడు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ ఎక్కువగా ఉన్నకొద్దీ చెడు ఫలితం అవకాశం రెట్టింపు దాటుతోందని చూపింది. అయితే జ్వరం నష్టానికి కారణమా, లేక నష్టానికి గుర్తు మాత్రమేనా అన్నది వేరే ప్రశ్న. 2024లో వెలువడిన ఇంట్రెపిడ్ ప్రయోగంలో 677 మంది పాల్గొన్నారు. యంత్రంతో జ్వరాన్ని ముందే నిరోధించినప్పుడు జ్వర భారం సగానికి తగ్గింది గానీ, కోలుకోవడంలో తేడా రాలేదు. మరోవైపు, 2011 నాటి ఆస్ట్రేలియా ప్రయోగంలో జ్వరం, రక్తంలో చక్కెర, మింగే సామర్థ్యం మూడింటినీ నర్సులు క్రమపద్ధతిలో చూసుకున్న వార్డుల్లో, 90 రోజులకు మరణం లేదా పరాధీనత 58 శాతం నుంచి 42 శాతానికి తగ్గింది. మూడింటిలో దేని వాటా ఎంతో విడదీయలేం. అయినా 38 డిగ్రీలు దాటిన జ్వరాన్ని గుర్తించి, కారణం వెతికి, తగ్గించాలన్న ప్రస్తుత మార్గదర్శకాలను సడలించడానికి కారణం లేదు. చల్లబరచడాన్ని మాత్రం అవే మార్గదర్శకాలు పరిశోధనలకు పరిమితం చేశాయి.

ఇక్కడ ఒక మాట అవసరం. పక్షవాతం లక్షణాలు కనిపించిన వ్యక్తి తలపై ఇంట్లో మంచు పెట్టడం వల్ల మెదడు చల్లబడదు. పెద్దల పుర్రెను దాటి లోపలికి వెళ్లే కాస్త చల్లదనాన్ని కూడా, 37 డిగ్రీల వద్ద ఎడతెగక వస్తున్న రక్తం కొద్ది మిల్లీమీటర్ల లోపే చెరిపేస్తుంది. ఆ ప్రయత్నంలో పోయే నిమిషాలే అసలు నష్టం. చల్లబరిచే హెల్మెట్లు లోతైన భాగాలను చేరలేకపోవడానికీ ఇదే కారణం.

అందుకే ఇప్పుడు ఆసక్తికరమైన పని రక్తనాళం లోపలే జరుగుతోంది. 2015లో వచ్చిన అయిదు ప్రయోగాల తరువాత, గడ్డను కాథెటర్‌తో బయటికి లాగే థ్రాంబెక్టమీ ప్రామాణిక చికిత్సగా మారింది. ఆ కాథెటర్ గాయపడిన చోటికే చేరుతుంది. 2016లో చైనా వైద్యులు 26 మంది రోగుల్లో, గడ్డ తీసే ప్రక్రియలో భాగంగా అదే మార్గంలో 4 డిగ్రీల సెలైన్ 350 మిల్లీలీటర్లు పదిహేను నిమిషాల లోపే ఎక్కించారు. దెబ్బతిన్న ప్రాంతం కనీసం రెండు డిగ్రీలు చల్లబడిందని లెక్కగట్టారు. మలద్వార ఉష్ణోగ్రత మాత్రం 0.1 డిగ్రీ మేరకే తగ్గింది. వణుకు లేదు, మగత అక్కర్లేదు, ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలకు ఆటంకం లేదు. పైగా, జంతువుల్లో చల్లదనం బాగా పనిచేసిన పరిస్థితి, అంటే నాళం తిరిగి తెరుచుకున్న పరిస్థితి, ఇన్నాళ్లకు మనుషుల్లోనూ క్రమం తప్పకుండా దొరుకుతోంది. పాత ప్రయోగాల్లో చాలామందికి నాళం తెరుచుకోనే లేదు.

కానీ కాలం లెక్క ఇంకా కుదరాల్సి ఉంది. ఎక్కించడం ఆపగానే వెచ్చటి రక్తం ఆ ప్రాంతాన్ని త్వరలోనే మామూలు ఉష్ణోగ్రతకు తెస్తుంది. రక్తం తిరిగి వచ్చిన తొలి నిమిషాల్లో ఎగసే ఫ్రీ రాడికల్స్‌ను ఈ కొద్దిసేపటి చల్లదనం అణచవచ్చు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బారులు తీరే న్యూట్రోఫిల్స్‌ను నేరుగా ఆపలేదు. తొలి సంకేతాలు తగ్గితే తరువాతి రాక కూడా తగ్గుతుందని ఆశించడానికి ఎన్ఎఫ్-కప్పా-బి పరిశోధనలు ఆధారమిస్తాయి, రుజువు మాత్రం ఇవ్వవు. చల్లదనాన్ని గంటల తరబడి కొనసాగించాలంటే సెలైన్ పరిమాణం పెరిగి, రక్తం పలచబడి, గుండెపై భారం పడుతుంది. అందుకు ద్రవాన్ని రక్తంలోకి వదలకుండానే రక్తాన్ని చల్లబరిచే కాథెటర్లు కావాలి. వీటిని పరీక్షించే ప్రయోగాలు మూడు నెలల తరువాత రోగి నడక, మాట మాత్రమే చూసి ఊరుకోకూడదు. మెదడు ఉష్ణోగ్రత నిజంగా ఎంత తగ్గింది, ఎంతసేపు నిలిచింది, మూడో రోజుకు వాపు ఎంత ఉంది, రక్తంలో ఎంఎంపీ-9 ఎంత ఉంది అన్నవి కూడా కొలవాలి. 1987 నాటి ఎలుకల ప్రయోగం శరీర ఉష్ణోగ్రతతో సరిపెట్టుకోకుండా మెదడు ఉష్ణోగ్రతను కొలవబట్టే అంత చెప్పగలిగింది. మనుషులపై ఇంతవరకు జరిగిన పెద్ద ప్రయోగాలు ఎక్కువగా శరీర ఉష్ణోగ్రత మీదే ఆధారపడ్డాయి.